అరికాలి మచ్చ

అలిపిరి మెట్ల మీద యాత్రికులను డోలీలో మోసే ఎల్లప్పను మనం ఆసుపత్రి మంచం మీద వదిలి వచ్చాం. కుడి అరికాలిలో రేగుపండంత నల్లమచ్చ, దాన్నుంచి కారే రక్తం, సర్జన్ గంగాధరంగారు అందులోంచి కోసి పరీక్షకు పంపిన చిన్న ముక్క, ఇంతవరకు పాఠకులకు తెలిసిందే. కాలు మోకాలి కింద తీసేయడానికి రేపు ఉదయం ముహూర్తం కూడా పెట్టేశారు. ఆ ముక్కను పరీక్ష చేసే డాక్టర్ పంకజాక్షి మాత్రం ‘ఇది కాన్సరే’ అని సంతకం పెట్టకుండా, మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయి మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. కూర్చోగా కూర్చోగా, నల్లకణాల అడుగున తెల్లటి చార ఒకటి కనబడింది.

ఆ చార చూసిన మనిషి తలుపు తట్టాలన్న మర్యాద కూడా మరిచి గంగాధరంగారి గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పుడే కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. కాఫీ చల్లారిందంటే ఆయనతో మాట్లాడటం కష్టమని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

“సార్, మీరొకసారి వచ్చి చూడాలి.”

“సంతకం పెట్టావా అమ్మా?”

“పెట్టలేదు. అందుకే రమ్మంటున్నాను.”

గంగాధరంగారు కాఫీ వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి లేచారు. ఆయన చెడ్డవాడు కాదు. చేతికి తొందర ఎక్కువ, అంతే. ఆ తొందరకూ ఒక కారణం ఉంది, అది ముందు ముందు వస్తుంది.

మైక్రోస్కోపు కిటికీ పక్కన బల్ల మీద ఉంది. గంగాధరంగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగారు. స్లైడు మీద చర్మం పై పొర గులాబీరంగులో కనబడుతోంది. దాని నిండా నల్లకణాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి సాగినది. ఒక వరసా తీరూ లేకుండా, జాతరలో తప్పిపోయిన జనంలా ఎటు పడితే అటు ఉన్నాయి.

“ఇంకేం కావాలమ్మా నీకు? ఇంతకంటే కాన్సరు ఎట్లా ఉంటుంది?”

“పైన ఆగిపోకండి సార్. కిందికి రండి.”

ఆమె స్లైడును కొంచెం జరిపింది. నల్లకణాల కింద తెల్లటి చార. అందులో వెంట్రుకలంత సన్నని పీచు అడ్డంగా ఒత్తుగా పరుచుకుని ఉంది. గాయం మానినచోట కట్టే పీచు అది. దాని కింద మళ్ళీ నల్లకణాలు. కానీ ఇవి వేరు. అన్నీ చిన్నవి, ఒకే తీరువి, బుద్ధిగా గుంపులు కట్టి కూర్చున్నవి. పుట్టుమచ్చలో ఉండే కణాలు అట్లాగే ఉంటాయి.

“మొదట ఇక్కడ మామూలు పుట్టుమచ్చ ఉండేది,” అంది పంకజాక్షి. “దాని పైభాగాన్ని ఎవరో కాల్చారు. గాయం మానింది, పీచు కట్టింది. మిగిలిన కణాలు కొత్త చర్మంలోకి ఎక్కి, దిక్కు తోచక ఇట్లా వికారంగా పెరిగాయి. చూడటానికి కాన్సరులాగే ఉంటాయి. కానీ ఒక్కటి కూడా చార దాటి కిందికి రాలేదు. ఇది కాన్సరు కాదనుకుంటున్నాను.”

“అనుకుంటున్నావు.”

“అవును సార్. ఇప్పటికి అనుకుంటున్నాను.”

గంగాధరంగారు స్టూలు మీద వెనక్కి జరిగారు. “కాన్సరు తనంతట తాను తగ్గినచోట కూడా ఇట్లాంటి పీచే కడుతుంది. అది నువ్వు నాకంటే బాగా చదువుకున్నావు. పైగా ఆ మనిషిని నేనే అడిగాను, మచ్చకు ఏదైనా పెట్టావా, కాల్చావా అని. లేదన్నాడు. అతను నాకు చెప్పిన మాట ఒకటుంది, కంటికి కనిపించే నలుపు ఒకటుంది. నీ చార ఒక్కదాన్ని పట్టుకుని నేను ఎట్లా నమ్మేది?”

“అతను అబద్ధం చెప్పాడు.”

“రేపు కాలు పోతుందని తెలిసి కూడానా?”

ఆయన గొంతు తగ్గించారు.

“సత్యవేడు పంతులమ్మ ఒకామె వచ్చింది పోయినేడు. మడమ మీద మచ్చ. కాలు తీయొద్దని బతిమాలితే ఆగాను. మంచి మనిషి, బడి ఆగిపోతుందని బాధపడింది. వానాకాలం వెళ్ళేసరికి పోయింది. ఆ తప్పు రెండోసారి నా చేత చేయించకు తల్లీ. కాలు లేని మనిషి బతుకుతాడు.”

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ డోలీ మోసే మనిషి కాలు లేకుండా బతకడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. కొండకు మోటారు రోడ్డు వచ్చి నాలుగేళ్ళయింది. ఉన్న బేరాలే సగమయ్యాయి. రెండు కాళ్ళున్నవాళ్ళకే పూట గడవడం లేదు.

“అతని నోటితో నిజం చెప్పిస్తే ఆగుతారా?”

“చెప్పించు, చూద్దాం,” అని ఆయన చల్లారిన కాఫీ కోసం వెళ్ళిపోయారు.

మగవాళ్ళ వార్డులో ఎల్లప్ప గోడ వైపు మంచం మీద ఉన్నాడు. భుజాల మీద డోలీకర్ర రాసుకుని కాయలు కట్టిన మనిషి. భార్య నాగులమ్మ కింద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. డోలీవాళ్ళ మేస్త్రి చెంగల్రాయుడు అరటిపండ్లు తెచ్చి మంచం కోళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్ద మీసం, భుజాన ఎర్ర తువ్వాలు. పంకజాక్షిని చూడగానే తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె చుట్టూ తిప్పి మాట్లాడే రకం కాదు. చిత్తూరులో పుట్టి పెరిగినదే కాబట్టి వాళ్ళ మాట ఆమెకు కొత్త కాదు.

“ఎల్లప్పా, ఆ మచ్చకు ఏం పెట్టినావు?”

“ఏం పెట్టలేదు తల్లీ. పెద్ద డాక్టరయ్యకు గూడా సెప్పినాను.”

“సుట్టతో కాల్చినావా? జీడి రసం పూసినావా?”

“లేదమ్మా.”

“నీ కాలి ముక్క నేను చూసినాను. దాంట్లో కాలిన గాయం మానిన గుర్తు ఉండాది. అది అబద్ధం చెప్పదు.”

ఎల్లప్ప కళ్ళు మేస్త్రి వైపు పోయాయి. అది పంకజాక్షి గమనించింది.

చెంగల్రాయుడు కల్పించుకున్నాడు. “మావోడు అబద్ధమాడడు డాక్టరమ్మా. వాడు అడుగు పెట్టేది సామి మెట్ల మీద. వాడి నాయన గూడా నా కిందనే మోసినాడు. ఏమైనా ఉంటే నాకు సెప్పకుండా ఉంటాడా?”

ఆ మాటతో ఎల్లప్ప గోడ వైపు తిరిగాడు. కింద నాగులమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

పంకజాక్షి మంచం పక్కన చతికిలబడింది. డాక్టరమ్మ నేల మీద కూర్చోవడం చూసి పక్క మంచాలవాళ్ళు తలలెత్తారు. ఆమె పట్టించుకోలేదు.

“నాగులమ్మా, నాకు నిజం తెలిస్తే రేపు ఆ మచ్చ చుట్టూ వెడల్పుగా తీసి వదిలేస్తాం. తెలియకపోతే కాలు తీసేస్తారు. తీసిన కాలును మళ్ళీ అతికించే మందు మా దగ్గర లేదు. నేను పోలీసును కాదు. తప్పు ఎవరిదైనా నాకు పని లేదు. ఏం పెట్టినారో అది చెప్పు.”

నాగులమ్మ మొగుడి మొహం చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు ఊరుకో మామా. ఇంగ నేను దాయలేను,” అని ఆమె పంకజాక్షి వైపు తిరిగింది. “సున్నం పెట్టింది నేనేనమ్మా. సున్నం, సాకలి సోడా కలిపి నూరి పెట్టినాను. ఉగాదికి ముందర. పొక్కు లేసి, పుండై, మానింది. మానినాక మళ్ళా నల్లంగా వచ్చె.”

“ఎందుకు పెట్టినావు?”

“మెట్ల అంచు తగిలి ఆ మచ్చ సిట్లి రగతం కారతా ఉండెనమ్మా. రగతం కారే కాలితో సామి మెట్టు తొక్కకూడదని మాలో కట్టుబాటు. మేస్త్రికి తెలిస్తే డోలీ పనిలోంచి దించేస్తాడు. ఈన ఒక్కడినే కాదు, తెలిసి గూడా మోసినారని ఈనతో డోలీ పట్టే ముగ్గురినీ దించేస్తాడు. ముగ్గురికీ పిల్లోళ్ళు ఉండారు. అందుకే మచ్చను మాడ్చేద్దామని పెట్టినాను. గుడ్డ సుట్టుకుని మోసినాడు.”

ఎల్లప్ప మోచేత్తో కళ్ళు కప్పుకున్నాడు. “సామి సూసినాడులే. అందుకే రాచపుండు ఇచ్చినాడు. కాలు ఇచ్చేస్తే నాతోనే తీరిపోతాదనుకొంటిని. వాళ్ళ పొట్ట కొట్టేదెందుకు.”

పంకజాక్షికి ఒక్కసారిగా కోపం, జాలి రెండూ ముంచుకొచ్చాయి. ముగ్గురి కూటి కోసం ఈ మనిషి కాలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె మేస్త్రి మొహం చూసింది.

చెంగల్రాయుడు తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. చివరికి దాన్ని భుజాన వేసుకున్నాడు.

“మెట్టు మీద రగతం పడితే కడిగించుకుంటాను. పసుపు నీళ్ళు సల్లించుకుంటాను. అది నా పని. ముందు కాలు నిలబెట్టుకో. నాకు సెప్పకపోయిన దానికి ఆనక మాట్లాడతా నీతో,” అని గబగబా వార్డు దాటి వెళ్ళిపోయాడు. అరటిపండ్లు అక్కడే ఉండిపోయాయి.

గంగాధరంగారు సాయంత్రం వచ్చి అంతా విన్నారు. నాగులమ్మ చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆయన మొహంలో కొంచెం వెలుగు వచ్చిన మాట నిజం. కానీ చేతులు ఊరికే ఉండవు కదా. ఎల్లప్పను వెల్లకిలా పడుకోబెట్టి కుడి గజ్జల్లో వేళ్ళతో నొక్కి చూశారు. నొక్కిన వేళ్ళు ఒకచోట ఆగాయి.

“ఇక్కడ బిళ్ళ కట్టింది,” అన్నారు.

“కాలికి పుండైంది కదా సార్. బిళ్ళ కడుతుంది.”

“కాన్సరు పాకినా ఇక్కడే కడుతుంది.” ఆయన చేతులు తుడుచుకుంటూ ఆమెను పక్కకు పిలిచారు. “నీ మాట సగం నమ్మానమ్మా. మిగతా సగం ఈ బిళ్ళ చెప్తుంది. రేపు ముందు దీన్ని తీస్తాను. కోసి చూస్తే లోపల తెల్లగా ఉందా, నీ మాట. నల్లగా ఉందా, నా మాట. ఇంక అక్కడ వాదన వద్దు.”

“సరే సార్,” అంది పంకజాక్షి. వాదం సగం గెలిచిన ఉత్సాహంలో ఆ మాట ఇచ్చేసింది.

పొద్దున ఎల్లప్పకు నడుములో సూదితో మత్తు ఇచ్చారు. నడుము కింద స్పర్శ లేదు, పైన మనిషి మెలకువగానే ఉన్నాడు. ఛాతీ దగ్గర అడ్డంగా తెర కట్టారు. గంగాధరంగారి కత్తి చకచకా నడిచింది. చింతగింజంత బిళ్ళ పింగాణీ పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని సరిగ్గా మధ్యకు కోసి రెండు చెక్కలు చేశారు.

లోపల నల్లగా ఉంది. కాటుక పెట్టి రుద్దినట్టు ఉంది.

గెలిచానన్న సంతోషం గంగాధరంగారి మొహంలో లేదు. నర్సు వైపు చెయ్యి చాచి రంపం సిద్ధం చేయమన్నారు.

“ఆగండి సార్.”

“మాట మాటే అమ్మా.”

“నేను ఇచ్చిన మాట తప్పు. నలుపా తెలుపా అని కాదు, ఏం నలుపు అని అడగాల్సింది. ఒంట్లో నలుపు ఎక్కడెక్కడినుంచి వస్తుందో చూడకుండా ఆ పందెం కట్టాను.”

అంటూనే ఆమె కాలి మీది గుడ్డ మొత్తం పైకి తీసేసింది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది అరికాలు ఒక్కటే. ఇప్పుడు మోకాలి చిప్ప చుట్టూ ముదురు పచ్చటి చుక్కలు కనిపించాయి, పచ్చబొట్టు చుక్కలు. గంగాధరంగారు వాటిని చాలాసార్లు చూశారు. ఈ సీమలో పచ్చబొట్టు లేని ఒళ్ళు ఎక్కడుంది గనక, వాటి గురించి ఆలోచించడానికి?

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళింది. బయట నాగులమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“మోకాలి చుట్టూ చుక్కలు ఎవరు పొడిచినారు?”

“పచ్చబొట్లు పొడిచే ఎరుకలామె పొడిచిందమ్మా. మోకాలి నొప్పికి. డోలీ మోసేటోళ్ళందరూ పొడిపించుకుంటారు.”

“దేంతో పొడిచింది?”

“దీపం మసి, ఆకు పసరు కలిపి. సూదులతో.”

ఆమె లోపలికి తిరిగి వచ్చింది. “దీపం మసి సార్. చర్మంలో గుచ్చిన మసి కొంత అక్కడే నిలుస్తుంది. కొంత చర్మం కింద ఉండే రసనాళాల వెంట గజ్జల్లో బిళ్ళకు చేరుతుంది. అరికాలి నల్లకణాలు వెళ్ళే దారీ అదే. రెండింటినీ విడదీసే పద్ధతి ఒకటుంది. బిళ్ళలోంచి పలచటి పొర కోసి, ముందు పెర్మాంగనేటులో, తర్వాత ఆక్సాలిక్ ఆసిడ్‌లో ఉంచుతాను. ఒంట్లో పుట్టిన నలుపైతే వెలిసిపోతుంది. దీపం మసి ఏ మందుకూ పోదు.”

“నలుపు పోతే?”

“కాలు పోతుంది.”

“నిలిస్తే?”

“కాలు నిలుస్తుంది.”

గంగాధరంగారు పళ్ళెంలోకి చూశారు. “రెండూ కలిసి ఉంటే?”

ఆ ప్రశ్న ఆమె కూడా వేసుకుంది. తప్పించుకోదలచుకోలేదు. “అప్పుడు ఇంకా లోతుగా చూడాలి. అది కాన్సరేనని తేలితే రంపం నేనే మీ చేతికి ఇస్తాను.”

“మత్తు దిగేలోపల తేల్చు,” అన్నారాయన.

ఆమె పళ్ళెం పట్టుకుని బయలుదేరుతుంటే తెరకు అవతలినుంచి ఎల్లప్ప పిలిచాడు. నడుము కింద ఏమీ తెలియక, పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు.

“తల్లీ, కాలు ఉండాదా, పోయిందా?”

“ఉండాది ఎల్లప్పా,” అంది పంకజాక్షి. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పరీక్షగదిలో ఆమె బిళ్ళ ముక్క మీద ఈథర్ చల్లి దాన్ని గడ్డకట్టించింది. పలచటి పొరలు కోసింది. ఊదారంగు మందులో వేసి, ఆ రంగు పట్టాక తెల్లమందులోకి మార్చింది. కడిగింది. కణాలు కనబడటానికి రంగు వేసి గాజుపలక మీద పరిచింది. మైక్రోస్కోపు కింద పెట్టింది. పెట్టి, చూడకుండా లేచి నిలబడింది.

గంగాధరంగారు చేతితొడుగులు విప్పి అక్కడికే వచ్చి ఉన్నారు.

“మీరే ముందు చూడండి సార్. కావలసిందే నేను చూశానని రేపు ఎవరూ అనకూడదు.”

ఆయన వంగారు. మర తిప్పారు. మళ్ళీ తిప్పారు. కిటికీ రెండో రెక్క కూడా తెరవమన్నారు. ఆమె తెరిచి వచ్చి పక్కనే నిలబడింది. ఆపరేషను గదిలోంచి నర్సు వచ్చి, ఎల్లప్ప తొడ మీద చెయ్యి వేస్తే కొంచెం తెలుస్తున్నదంటున్నాడని చెప్పింది. మత్తు దిగడం మొదలైంది.

గంగాధరంగారు తలెత్తారు. అరగంటలో పదేళ్ళ వయసు మీద పడినట్టు కనిపించారు.

“మసి ఉందమ్మా. నువ్వు చెప్పినట్టే ఉంది, కదలకుండా నిలిచింది,” అన్నారు. “కానీ కొంత నలుపు పోయింది. పోయినచోట ఖాళీగా లేదు. అక్కడ కణాలున్నాయి.”

మచ్చను సున్నంతో మాడ్చినప్పుడు రాలిన నలుపును మింగిన కణాలా అవి, లేక ఆ మచ్చలోంచే నడిచి వచ్చిన కాన్సరు కణాలా? ఒకటి చెత్త ఊడ్చి ఎత్తే కణం, ఇంకొకటి ప్రాణం తీసే కణం. పైన నలుపు కప్పి ఉన్నంతసేపు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు కప్పు తొలగింది.

“రంపం సంగతి నువ్వే అన్నావు,” అన్నారాయన మెల్లగా.

“అన్నాను. మాట తప్పను. ఆ కణాలేవో చూశాక ఇస్తాను. జరగండి సార్.”

పంకజాక్షి స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది.